మేనత్త ఇచ్చిన నెత్తురు

“నీ నెత్తురు పడలేదే పిల్లకి,” అన్నారు లీలావతమ్మగారు, కన్నకూతురు ఛాయాదేవి ముఖం చూడకుండానే. ఆసుపత్రి వరండాలో ఆ మాట కోడలు భానుశ్రీ కూడా వింది. వదిన తప్పేమీ లేదని చెప్పగలిగిన మనిషి తనొక్కతే! అయినా చెప్పలేదు...

భానుశ్రీ, పార్థసారథిలకు ఏడో నెలలోనే పుట్టిన బిడ్డ. అద్దాల పెట్టెలో పెట్టి కాపాడుతున్నారు. మూడు వారాలకు ఒంట్లో రక్తం తగ్గి పాప తెల్లగా పాలిపోతే, రక్తం ఎక్కించక తప్పదన్నారు డాక్టరమ్మ. ఇంట్లో ఆ గ్రూపు ఛాయాదేవి ఒక్కతిదే. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఢిల్లీలో తమ్ముడి దగ్గరే ఉంటూ కరోల్ బాగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఆవిడ, కబురు అందగానే సెలవు పెట్టి పరుగెత్తుకొచ్చింది. మర్నాడు ఉదయం ఎక్కించారు. మధ్యాహ్నానికల్లా పాప పెదాలకు రంగొచ్చింది!

ఆ సంతోషమే భానుశ్రీ కొంప ముంచింది. తెనాలి నుంచి వాళ్ళమ్మ పార్సిల్లో వసకొమ్ము పంపింది. అరగదీసి నాలుక్కి రాస్తే పాలు అరుగుతాయనీ, మాటలు తొందరగా వస్తాయనీ ఉత్తరం. పాప నోటికి ఏదీ తగలనివ్వొద్దని, పిండిచ్చిన పాలు గొట్టంతో తామే పోస్తామని నర్సు ఎన్నిసార్లు చెప్పిందో! అయినా ఆ తల్లికి మనసు ఆగలేదు. నిండు నెలల పిల్లలకు రాసేది, ఇంకా కడుపులో ఉండాల్సిన పిల్లకు రాయొచ్చా అన్న ఆలోచనే తట్టలేదు, పిచ్చిదానికి! కటవారియా సరాయ్‌లోని తమ గదిలో తన పాలతోనే వస అరగదీసి, దూదికి అద్ది, కొంగున దాచి తీసుకెళ్ళింది. నర్సు అటు తిరగగానే రాసేసింది.

సాయంత్రానికి పాప పొట్ట ఉబ్బింది. విరేచనంలో నెత్తురు... పాలు ఆపేశారు. లీలావతమ్మగారు ఆ మాట అన్నది అప్పుడే.

రెండు రోజులు గడిచాయి. ఛాయాదేవి అద్దం దగ్గరికి రావడం మానేసి, వరండా చివర బెంచీ మీద ఒక్కతే కూర్చుంటోంది. ఎవరూ పలకరించలేదు. భానుశ్రీ కూడా! మూడోనాడు రక్తం మళ్ళీ తగ్గిందనీ, ఆ గ్రూపు తమ దగ్గర రేపటిదాకా లేదనీ, అంతవరకు ఆగలేమనీ చెప్పారు డాక్టరమ్మ. పాపకు కావలసింది కొద్దిగానే కనుక మేనత్త మళ్ళీ ఇవ్వొచ్చన్నారు. పార్థసారథి అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

“నా వల్ల కాదురా,” అంది ఛాయాదేవి. “ఒకసారి ఇచ్చి దాన్ని చంపబోయాను. ఇంకెవరినైనా చూసుకో.”

భానుశ్రీ ఇంక ఆగలేకపోయింది.

“తప్పు మీ నెత్తురుది కాదు వదినా. నేను వస రాశాను. ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని అంటుంటే వింటూ కూర్చున్నాను.”

పార్థసారథి బిత్తరపోయి చూశాడు. లీలావతమ్మగారు గోడకు ఆనుకున్నారు. డాక్టరమ్మ హిందీలో గట్టిగానే కోప్పడ్డారు. దేనివల్ల అయిందో ఖాయంగా చెప్పలేమట. ఇంత పచ్చి పేగులకు ఏమీ పెట్టకపోయినా ఇలా అవుతుందట. కానీ రెండు రోజులు దాచడం మాత్రం క్షమించరానిదన్నారు.

ఛాయాదేవి లేచి, చెయ్యి చాపుతూ నర్సు వెంట నడిచింది.

పొట్ట తగ్గడానికి వారం పట్టింది. మరో నెలకు పాపను ఇంటికి పంపారు. గడపలో లీలావతమ్మగారు చేతులు చాస్తే, భానుశ్రీ ఆవిడను దాటుకుంటూ వెళ్ళి, లోపల కూర్చున్న వదిన ఒళ్ళో బిడ్డను పెట్టింది. కాళ్ళ మీద పడబోయింది.

“లే భానూ,” అంది ఛాయాదేవి, పాప మీంచి చూపు తిప్పకుండా. “నువ్వు వస రాసినందుకు నాకు కోపం లేదు. తల్లివి, రాశావు. ఆ రెండు రోజులూ నా పక్కన వచ్చి కూర్చోలేదు చూడు, అదే ఇంకా మనసులోంచి పోవడంలేదు.”

భానుశ్రీ నేలమీదే, వదిన పక్కన కూర్చుండిపోయింది.