గున్న టైరులో నీళ్లు

టైరు వాల్వు మీద గాలి కొలిచే గేజి పెడితే బుస్సుమని గాలి రావాలి. కానీ నీళ్లొచ్చి పిడుగు ముఖాన పడ్డాయి.

పిడుగు రెండడుగులు వెనక్కి గెంతింది. పదేళ్ల ఆ పిల్లకి అసలు పేరు వేరే ఉంది కానీ, ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. ఒక్కచోట కాలు నిలవని పిల్లకి పిడుగు కంటే మంచి పేరేముంటుంది? ప్రతి శుక్రవారం స్కూలు నుంచి రాగానే అమ్మ ట్రాక్టరు టైర్లలో గాలి చూడటం తన పని.

ఆ ట్రాక్టరు పేరు గున్న. నిజానికది తోటల్లో దున్నుకోవడానికి చేసిన బుల్లి బండి. అమ్మ పని మాత్రం అడవి కొండ మీద. గాలివానకి పడిపోయిన చెట్లని కోసి, ఆ దుంగల్ని రోడ్డు దాకా లాక్కురావాలి. అందుకే వెల్డింగ్ చేసే మామయ్య గున్నని బాగా మార్చేశాడు. నరికిన చెట్ల మోడులు తగలకుండా పొట్ట కింద ఇనుప రేకు వేశాడు. కొమ్మలు నెత్తిన పడకుండా సీటు పైన ఇనుప చట్రం బిగించాడు. పిడుగు పక్కనే నిలబడి "ఇదెందుకు? అదెందుకు?" అని మామయ్య ప్రాణం తోడేసింది.

టైర్ల గురించి మాత్రం అడగలేదు. టైర్లంటే తనకి తెలియనిదేముంది!

"టైర్లో నీళ్లేంటి?" అనుకుంది ఇప్పుడు. డీజిల్లో నీళ్లు పడితే ఇంజిను ఆగిపోతుందని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఫిల్టరులో నీళ్లు చేరినా గొడవే. మరి టైర్లో చేరితే ఊరుకుంటుందా?

వెనకే ఉన్న కుడి టైరు కూడా చూసింది. దాని వాల్వు పైకి ఉంది. అందులోంచి గాలే వచ్చింది. అంటే ఎడమ టైరుకే జబ్బన్నమాట.

అమ్మ రోడ్డు దగ్గర లారీ డ్రైవరుతో మాట్లాడుతోంది. వచ్చేలోగా తనే బాగుచేసేస్తే ఎంత మురిసిపోతుందో!

పిడుగు వాల్వు పిన్ను విప్పింది. నీళ్లు జివ్వున చిమ్మాయి. కారుతూనే ఉన్నాయి. షెడ్డు ముందు వాలులో చిన్న కాలువ కట్టాయి. నాలుగైదు బకెట్లయినా ఉంటాయి. "ఇన్ని నీళ్లు ఎలా దూరాయబ్బా?" అనుకుంది. ఆ ఒక్క ముక్కా అమ్మని అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పిన్ను మళ్లీ బిగించి, కంప్రెసరుతో గాలి కొట్టి, గేజి చూసింది. లెక్క సరిగ్గా ఉంది. టైరు ఎప్పటిలాగే గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"గాలి చూశావా?" అని రాత్రి అన్నం తింటూ అడిగింది అమ్మ.

"చూశానమ్మా. సరిపోయింది."

నీళ్ల సంగతి అప్పుడే చెప్పలేదు. రేపు గున్న ఉత్సాహంగా పరుగెత్తుతుంటే, అప్పుడు గొప్పగా చెప్పాలని ఆశ.

శనివారం ఉదయం ఇద్దరూ కొండ మీదికి వెళ్లారు. అమ్మ ఒక మోడుకి ఎర్ర గుడ్డ కట్టింది.

"ఇది దాటి ఒక్క అడుగేశావో, ఇంటికి పంపించేస్తా."

"ఇక్కడే ఉంటానమ్మా."

పెద్ద దుంగకి గొలుసు బిగించి అమ్మ గున్నని కదిలించింది. ఎడమ చక్రం గిర్రున తిరిగి బురద చిమ్మింది. బండి కదల్లేదు. అమ్మ స్టీరింగు తిప్పి వాలుకి అడ్డంగా పోనిచ్చింది. అంతే! ఎడమ చక్రం నేల మీంచి జానెడు పైకి లేచింది. గున్న లోయ వైపు ఒరిగింది.

పిడుగుకి పైప్రాణాలు పైనే పోయాయి.

అమ్మ వెంటనే ఆపింది. చక్రం ధబ్బున కిందికి దిగింది. ఇంజిను ఆపేసి, దిగి, బండి చుట్టూ తిరిగి చూసింది. టైర్లని కాలితో తన్ని చూసింది.

"మొన్నటిదాకా బాగానే ఉంది కదే! మీ మామయ్య బిగించిన చట్రం బరువెక్కువై ఒరుగుతోందేమో. రేపు విప్పించేస్తాను. ఇప్పటికి ఇంకొక్కసారి చూస్తా."

అమ్మ మళ్లీ సీటెక్కింది.

బరువు! పిడుగు ఎడమ టైరు వైపు చూసింది. ఒక్క బకెట్టు నీళ్లే తను రెండు చేతులా మోయలేదు. నిన్న పారబోసింది ఎన్ని బకెట్లు? చెబితే అమ్మ తిడుతుంది. చెప్పకపోతే ఆ చక్రం మళ్లీ లేస్తుంది. ఈసారి దిగకపోతే?

"అమ్మా! ఆగు! బండి తీయకు!" గుడ్డ వెనకనుంచే గొంతు చించుకుని అరిచింది. "టైర్లో నీళ్లు నేనే తీసేశాను!"

తాళం మీద అమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. నెమ్మదిగా దిగి, వచ్చి ఎర్ర గుడ్డ పక్కన నేల మీద కూలబడింది.

"తిట్టమ్మా," అంది ఏడుపు గొంతుతో.

"తిడతానులే. ముందు ఏం చేశావో మొత్తం చెప్పు."

పిడుగు జరిగిందంతా చెప్పింది. అమ్మ తల పట్టుకుంది.

"ఆ నీళ్లు నేను పోయించినవే. బండేమో తేలిక, దుంగేమో బరువు. చక్రం నేలని గట్టిగా పట్టుకోవాలి కదా. నీకు చెప్పాల్సింది, చెప్పలేదు."

"బరువుకి చక్రానికి ఇనుప దిమ్మలు పెట్టొచ్చు కదా?" కళ్లు తుడుచుకుంటూనే అడిగింది పిడుగు.

"పెట్టొచ్చు. కానీ టైర్లో నీళ్లయితే బరువంతా బాగా కిందికి ఉంటుంది. వాలులో బండి తొందరగా ఒరగదు."

"మరి కుడి టైర్లోంచి గాలొచ్చిందేం?"

"నువ్వే చెప్పు. సగం నీళ్లున్న సీసాలో గాలి ఎక్కడుంటుంది?"

"పైన... ఓ! దాని వాల్వు పైకి ఉంది! ఎడమదాని వాల్వేమో కిందికి ఉంది!"

"ఇన్ని ప్రశ్నలూ నిన్న సాయంత్రం ఎక్కడ దాక్కున్నాయే తల్లీ?"

పిడుగు తల వంచుకుంది. అమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని నెత్తి మీద చిన్నగా ఒక మొట్టికాయ వేసింది.

దుంగని అక్కడే వదిలేసి, గున్నని నెమ్మదిగా కిందికి దించారు. మధ్యాహ్నమంతా టైరుకి నీళ్లు పట్టడంతోనే సరిపోయింది. వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని తిప్పారు. కాసేపు నీళ్లు పోయడం, కాసేపు లోపలి గాలి వదలడం. పైపు పట్టుకుని పిడుగు చేతులు పీకేశాయి. అయినా వదల్లేదు.

తర్వాతి శుక్రవారం పిడుగు ముందు చక్రాల దగ్గర వంగింది. స్టీరింగు కడ్డీ చివర నట్టు వదులుగా కనిపించింది. వేలు పెడితే తిరుగుతోంది. రెంచి పక్కనే ఉంది. చెయ్యి దాని మీదికి పోయింది కూడా.

ఆగింది. రెంచి అక్కడే పెట్టి, వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, స్టీరింగు దగ్గర నట్టు వదులుగా ఉంది. అది అలాగే ఉండాలా?"

అమ్మ పొయ్యి కట్టేసి వచ్చి చూసింది. కడ్డీని పట్టుకుని ఊపింది. ముఖం మారిపోయింది.

"ఉండకూడదు. రేపు వాలులో ఇది ఊడిపోతే స్టీరింగు నా మాట వినదు."

అమ్మ రెంచి తీసి పిడుగు చేతిలో పెట్టింది. పిడుగు మోకాళ్ల మీద కూర్చుని నట్టుకి రెంచి తగిలించింది. తర్వాత తలెత్తి అమ్మ వైపు చూసింది.

"ఎటు తిప్పాలమ్మా?"