ఆపరేషన్ విసనకర్ర

పోర్ట్ విలా ఆసుపత్రిలో ఆ మనిషి చనిపోయినప్పుడు యంత్రం కిక్కురుమనలేదు.

ఊపిరి పోసే యంత్రం అది. గొట్టం గొంతులోకి వెళ్తుంది, గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, స్క్రీన్ మీద పచ్చటి అల లేచి పడుతూ ఉంటుంది. ఆ మధ్యాహ్నం నల్ల దుస్తుల్లో ఒక ఆడమనిషి వచ్చింది. చెల్లెల్ని అంది. మంచం అంచున కూర్చుంది, పేషెంటు తల నిమిరింది, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. నర్సు వచ్చి స్క్రీన్ చూసింది. అల బాగుంది. బాగుందని రాసుకుని వెళ్ళింది. పేషెంటు పెదాలు నీలంగా మారాక కూడా అల బాగానే ఉంది.

రెండు రోజుల తర్వాత సువాలో, పసిఫిక్ సెక్యూరిటీ బ్యూరో మేడ మీద గదిలో, కమాండర్ వెయికోసో కసావా చిప్స్ పొట్లం విప్పి ఏజెంట్ హింగానో ముందుకు తోశాడు. చెడ్డ వార్త చెప్పే ముందు ఆయన ఏదో ఒకటి తినిపిస్తాడు. అందుకే హింగానో ముట్టుకోలేదు.

కథ చిన్నదే. సముద్రం అడుగున కేబుల్ రిపేరుకి దిగిన ఇద్దరు టోంగా డైవర్లకి, కేబుల్‌ని కరుచుకుని ఉన్న ఒక పెట్టె కనిపించింది. ఏ మ్యాపులోనూ లేని పెట్టె. దీవుల మాటలన్నీ ఎవరో అక్కడ కూర్చుని వింటున్నారు. ఆ సాయంత్రమే వాళ్ళ పడవ పేలింది. ఒకడు పోర్ట్ విలాలో పోయాడు. రెండోవాడు ఫెతూ. ఊపిరితిత్తుల నిండా ఉప్పునీళ్ళు, డీజిలు. టోంగా రాజధాని నుకుఅలోఫా దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో మత్తు మందిచ్చి, అలాంటి యంత్రానికే తగిలించారు. సోమవారం మత్తు తగ్గించి లేపుతారు. పెట్టె ఎక్కడుందో ఇప్పుడు అతనొక్కడికే తెలుసు.

చేసింది ‘కొంగలు’. విదేశీ ముఠా. ఆ పేరు బ్యూరో పెట్టిందే. ఒంటికాలి మీద జపం చేస్తున్నట్టే ఉంటారు, చేప కదిలితే ముక్కు దించుతారు. ఒక ధర్మసంస్థ పేరుతో వాళ్ళే దీవుల ఆసుపత్రులకి నలభై యంత్రాలు దానమిచ్చారు. డాక్టర్లు పూలదండలు వేసి తీసుకున్నారు. ఆ యంత్రాల్లో ఒక దొంగ తలుపుంది. తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఊపిరి ఆపగలరు. స్క్రీన్ మీద అలని మాత్రం ఆపరు.

"నలభై యంత్రాలంటే నలభై గొంతులు" అన్నాడు వెయికోసో. "అన్నిటికీ తాళం ఒకటే. అది పనిచెయ్యాలంటే యంత్రం ఉన్న గదిలోనే ఉండాలి. అంటే హంతకుడు రాక తప్పదు."

"యంత్రం మార్చేస్తే సరిపోదా సర్?"

"ఆ ఆసుపత్రిలో ఉన్నవే రెండు. రెండూ వాళ్ళిచ్చినవే. మారిస్తే కొంగ ఎగిరిపోతుంది, తాళం కూడా పోతుంది."

"అయితే ఫెతూ ఎర."

వెయికోసో చిప్స్ పొట్లం మడిచాడు. జవాబు అదే.

పోర్ట్ విలా రిపోర్టు చదివి హింగానో ఒక మాట చెప్పింది. వచ్చింది చెల్లెలు కాదు. టోంగాలో అన్నాచెల్లెళ్ళు పెద్దయ్యాక ఒక గదిలో కూర్చోరు. పెదనాన్న పిల్లలైనా, మేనమామ పిల్లలైనా అక్కడ అన్నాచెల్లెళ్ళే. అన్న ఉన్న గది గుమ్మం దగ్గరే చెల్లెలు ఆగిపోతుంది. ఇక మంచం మీద కూర్చుని తల నిమరడమా?

"ఎవరో పరాయిది, సర్. హోంవర్కు చెయ్యని పరాయిది."

కింద అంతస్తులో డెల్ఫీన్ ఎదురుచూస్తోంది. బ్యూరో టెక్నికల్ హెడ్. సగం తాహితీ రక్తం, సగం పారిస్ సెంటు. ఏ దేశంలో దిగినా అక్కడే పుట్టినట్టుంటుంది. హోనియారాలో కాల్పుల మధ్య నుంచి హింగానోని కాలరు పట్టి ఈడ్చుకొచ్చింది ఈమే. బ్యూరోలో హింగానోని ‘హిన్’ అని పిలిచే ఏకైక మనిషి కూడా ఈమే.

డెల్ఫీన్ ఒక విసనకర్ర చేతిలో పెట్టింది. అల్లిన ఆకు, ప్లాస్టిక్ పిడి.

"పిడిలో డిటెక్టరుంది. దొంగ సిగ్నల్ వస్తే నీ అరచేతిలో జివ్వుమంటుంది. యంత్రానికి దగ్గరగా పెట్టుకో, అంతే. నేను రేవులో యాట్‌లో ఉంటా. నేనే రావాల్సొస్తే ‘చాపలు ఆరాయా’ అంటా."

"‘వాన వదిలితేగా’ అంటా." హింగానో విసనకర్ర తిప్పి చూసింది. "పోయినసారి లిప్‌స్టిక్‌లో కెమెరా పెట్టావు. అన్నీ నా ముక్కు ఫోటోలే వచ్చాయి."

"అందమైన ముక్కేలే, హిన్."

*

ఆదివారం. టోంగాలో ఆదివారమంటే షాపుల్లేవు, టాక్సీల్లేవు, విమానాల్లేవు. దేవుడూ, పాటలూ, మట్టి పొయ్యిలో కాలే దుంపలూ. చర్చి పాట గాలి మీద ఆసుపత్రి దాకా వస్తోంది.

గదిలో రెండు మంచాలు, రెండు యంత్రాలు. కిటికీ పక్కన ఫెతూ. రెండో మంచం మీద కౌఫానా అనే ముసలి జాలరి. న్యుమోనియా. ఎక్కడో ఉత్తరపు దీవి వాడు, పక్కన తన వాళ్ళెవరూ లేరు. కింద చాప మీద ఫెతూ మేనత్త లాటు.

టోంగాలో మేనత్తంటే మేనత్తే. ఆమె మాటకి తండ్రీ ఎదురు చెప్పడు, పాస్టరూ చెప్పడు. విజిటింగ్ టైమ్ అయిపోయిందని డాక్టరు ఒకసారి చెప్పబోయి, ఆమె చూపు చూసి, వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయాడట. ఫెతూ వరస అన్నదమ్ములంతా బయట గడ్డి మీద కూర్చున్నారు. ఆమె పిలిస్తే తప్ప లోపలికి రారు.

నల్ల దుస్తులేసుకుని, అక్కడి మర్యాద ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, చర్చి తరఫున సేవకొచ్చిన అమ్మాయిలా హింగానో ఆమె పక్కన కూర్చుంది. పిస్తోలు చాప మడతలో ఉంది. లాటు అత్త స్క్రీన్ వైపు చూడనే చూడదు. ఫెతూ ఛాతీనే చూస్తుంది. అది లేస్తే ఆమె ఊపిరి లేస్తుంది, పడితే పడుతుంది. అప్పుడప్పుడు చూపు రెండో మంచం దాకా వెళ్ళొస్తుంది. కరెంటు పోయినప్పుడల్లా చేత్తో పిసికి ఊపిరి పోసే రబ్బరు సంచి ఫెతూ తల దగ్గర వేలాడుతోంది. దాన్నెలా పిసకాలో నర్సు ఆమెకి నేర్పింది.

"ఆ టీవీలో ఏముందో నాకెందుకు పిల్లా. మనిషి ఇక్కడుంటే."

కాసేపటికి ఆమె చూపు హింగానో చేతి మీద పడింది. "ప్లాస్టిక్ పిడా? మా అన్న కొడుక్కి?"

హింగానో ఏదో సర్దిచెప్పబోయింది. విసనకర్ర అప్పటికే కిటికీలోంచి వెళ్ళి గడ్డి మీద పడింది. అటు డ్యూటీ, ఇటు మేనత్త. బ్యూరో ట్రైనింగులో ఈ పాఠం లేదు. తెచ్చుకుంటానని లేవబోతే అత్త మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం దాకా ఏమీ జరగలేదు. తర్వాత గుమ్మంలో ఒక స్త్రీ నిలబడింది. నల్ల గౌను, ముడేసిన జుట్టు, ఏడ్చిన కళ్ళు. ఆక్లాండ్‌లో ఉంటానని, ఫెతూ పినతండ్రి కూతుర్నని, వినగానే పరుగెత్తుకొచ్చానని చెప్పింది. తర్వాత హింగానో వైపు తిరిగింది.

"చాపలు ఆరాయా?"

"వాన వదిలితేగా" అంది హింగానో. ప్లాన్‌లో ఏదో మారిందనుకుంది.

"ఇది బయట పడుంది." డెల్ఫీన్ విసనకర్రని హింగానో చేతిలో పెట్టింది. మెల్లగా వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ఫెతూ తల నిమిరింది. లాటు అత్త కనుబొమ్మలు ముడిచింది. రెండో చెయ్యి ఒళ్ళో ఫోన్ మీద ఉంది.

హింగానో అలవాటుగా రెండుసార్లు విసిరింది. అరచేతిలో జివ్వుమనలేదు. పిడి మాత్రం వెచ్చబడింది.

నల్ల దుస్తులు. మంచం అంచు. తల నిమరడం. హోంవర్కు చెయ్యని పరాయిది.

డిటెక్టర్ వెచ్చబడదు. సిగ్నల్ పంపే తాళమే వెచ్చబడుతుంది. పొద్దున దాన్ని తనే మోసుకొచ్చి మంచం పక్కన పెట్టుకుంది. అత్త బయటికి విసిరేసింది కాబట్టే డెల్ఫీన్ స్వయంగా రావాల్సొచ్చింది.

"పోర్ట్ విలాలో కూడా నువ్వేనా?"

డెల్ఫీన్ జాలిగా చూసింది. "స్క్రీన్ చూడు, హిన్. అంతా బాగానే ఉంది."

రెండు స్క్రీన్లలోనూ పచ్చటి అల లేచి పడుతోంది.

"వీడు ఊపిరి తియ్యట్లేదు" అంది లాటు అత్త. గొంతు పెంచలేదు. అప్పటికే లేచి, ఫెతూ గొట్టం నుంచి యంత్రాన్ని పీకి, రబ్బరు సంచి తగిలించి పిసుకుతోంది. లేస్తూ లేస్తూ, హింగానో కళ్ళు పిడి మీదే ఉండడం చూసి, విసనకర్రని ఆమె చేతిలోంచి లాగి కిందపడేసి, దాని మీద కాలు వేసి నిలబడింది. "ఆ తాత కూడా, పిల్లా."

హింగానో చెయ్యి పిస్తోలు మీద ఉంది. రెండో మంచం మీద కౌఫానా ఛాతీ రాయిలా ఉంది. గదిలో సంచి ఒక్కటే.

"వెళ్ళు, కాపాడుకో" అంది డెల్ఫీన్. ఆమె చేతిలో చిన్న తుపాకీ ఉంది. "లేదంటే నన్ను పట్టుకో. రెండూ కుదరవు."

హింగానో పిస్తోలు వదిలేసింది. ముసలాయన గొట్టం నుంచి యంత్రాన్ని పీకి, గొట్టానికి నోరు పెట్టి ఊదింది. ఛాతీ కొద్దిగా లేచింది. నర్సు కోసం అరిచింది. మళ్ళీ ఊదింది. ఎండిన చెరువులోకి చెంబుతో నీళ్ళు పోస్తున్నట్టుంది.

డెల్ఫీన్ తుపాకీ లాటు అత్త వైపు తిప్పింది. "కాలు తియ్యి."

అత్త పిసకడం ఆపలేదు. "కాల్చు. బయట మా పిల్లలు పాతికమంది ఉన్నారు. పిలిస్తేనే లోపలికొస్తారు. నువ్వు కాల్చావనుకో, నేను పిలవక్కర్లేదు."

డెల్ఫీన్ కిటికీలోంచి ఆ వీపుల వైపు చూసింది. తుపాకీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ బయటికి నడిచింది, పోర్ట్ విలాలో నడిచినట్టే. గడ్డి మీద కుర్రాళ్ళు పాపం అనుకుని తలలు వంచి దారిచ్చారు.

నర్సు రెండో సంచి తెచ్చేసరికి హింగానోకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఇద్దరూ కలిసి చాలాసేపు పిసికారు. ఫెతూ గోళ్ళకి ఎరుపు తిరిగొచ్చింది. కౌఫానాకి రాలేదు. ముసలి ఊపిరితిత్తులు, మధ్యలో ఆగిన ఆ కాసేపటిని మళ్ళీ దాటలేకపోయాయి. ఆయన నోటి నుంచి గొట్టం తీస్తున్నప్పుడు చర్చిలో ఆఖరి పాట మొదలైంది.

*

డెల్ఫీన్ రేవులోనే దొరికింది. హీల్సు విప్పి పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉంది. యాట్ తాళాలు జేబులో వేసుకుని సరంగు చర్చికెళ్ళాడు. అక్కణ్ణించి విందుకి, విందు నుంచి నిద్రకి. ఆదివారం ఆ దీవిలో ఎంత ఆశపెట్టినా ఎవడూ పడవ కదపడు. డెల్ఫీన్ ఈ హోంవర్కు కూడా చెయ్యలేదు.

"ముసలాయన?" అని అడిగింది.

"పోయాడు."

"ఆయన ప్లాన్‌లో లేడు, హిన్. నిజం."

"తెలుసు." హింగానో సంకెళ్ళు వేసింది. "నీ ప్లాన్‌లో నేనున్నానా?"

హోనియారాలో ఈడ్చుకొచ్చిన చేతులు అవే. వాటి మీద సంకెల బిగుతు చూడ్డానికి హింగానోకి కాసేపు పట్టింది.

ఆ రాత్రే బ్యూరో వాళ్ళు విసనకర్ర పిడి విప్పారు. అందులోని తాళంతోనే నలభై యంత్రాల్లోని దొంగ తలుపులు మూసేశారు. సోమవారం ఫెతూ కళ్ళు తెరిచాడు. గొట్టం తీశాక, ఇసుక రాసినట్టున్న గొంతుతో పెట్టె ఉన్న చోటు చెప్పాడు. తర్వాత రెండో మంచం పక్కన ఆపేసిన యంత్రం చూసి, అక్కడెవరున్నారని అడిగాడు.

లాటు అత్త కౌఫానాని తమ కుటుంబ శ్మశానంలో, తన అన్నదమ్ముల సమాధుల వరసలో పూడ్పించింది. అది అయ్యాక హింగానోని పక్కకి పిలిచింది.

"మావాణ్ణి గాలానికి గుచ్చారు మీరు. అవునా?"

"అవును అత్తా."

"నాకు చెప్పుంటే ఇంకో సంచి తెప్పించేదాన్ని కదే. ఆ తాత ఉండేవాడు."

అత్త తన నడుము చాపలోంచి ఒక పాత విసనకర్ర తీసింది. కొబ్బరాకు, చెక్క పిడి, అంచు అరిగిపోయింది. హింగానో చేతిలో పెట్టింది.

"ఉంచుకో. దీన్నుంచి గాలొక్కటే వస్తుంది."

సువా విమానంలో హింగానో పిడి తిప్పి చూసింది, తట్టి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చివరికి మొహం మీద విసురుకుంది. గాలే వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో, చెప్పిన పని చెప్పినట్టు చేసిన మొదటి పరికరం అదే.