వెయ్యి నూట పదహార్ల ఫౌల్

"జర కూసోండ్రి."

అఖిల నాతో అన్న మొదటి మాట ఇదే. ప్రేమకథకు ఇంతకన్నా మంచి మొదలు ఉండొచ్చు కానీ, నాకు రాసిపెట్టింది ఇది.

తప్పు నాదే. మహబూబాబాద్‌లో మా ఫుట్‌బాల్ లీగ్ మీటింగ్ మొదలై అరగంట కాలేదు, నేను లేచి నిలబడి మాత్రం పది నిమిషాలైంది. ఆరు జట్ల మేనేజర్లం ఉన్నాం. నాది పాలకుర్తి జట్టు. మా బాపుకు రైస్ మిల్లు ఉంది, ఆ పైసలతో జట్టు నడుస్తుంది. బాపుకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి నేను మేనేజర్నయ్యాను. అఖిల గార్ల దగ్గర ఒక తండా జట్టుకు మేనేజర్, గురుకులం స్కూల్లో పీఈటీ. మెడలో విజిల్ తీయకుండానే మీటింగుకు వచ్చింది.

పోయినేడు మేము హైదరాబాద్ నుంచి ఐదుగురు ఆటగాళ్లను మ్యాచుకు ఇంత అని మాట్లాడుకొని తెచ్చాం. ఆమె జట్టును ఏడు-సున్నాతో ఓడించాం. ఈసారి ఆమె ఒక కాగితం పట్టుకొచ్చింది. సీజన్ మొత్తానికి ఏ జట్టు ఖర్చైనా యాభై వేలు దాటొద్దు. దాటిన జట్టు బయటికి, దాని చేతిలో ఓడిన జట్టు లోపలికి.

"గిదేం న్యాయం మేడమ్?" అన్నాను. "యూరప్ల గిసొంటి రూల్సే పెట్టిన్రు. ఎంత ఆమ్దానీ ఉంటే అంతే ఖర్చు పెట్టాలె అన్నరు. స్టేడియం నిండేటోళ్లకే ఆమ్దానీ ఉంటది. వాళ్లే కొంటరు, వాళ్లే గెలుస్తరు. కొత్తోడు పైకొద్దామంటే ఖర్చు పెట్టనియ్యరు. పెద్దోళ్లు లోపలికి పోయి గొళ్లెం పెట్టుకున్నట్టే గద!"

అప్పుడే అన్నది, జర కూసోండ్రి అని.

"అది ఆమ్దానీని బట్టి పెట్టిన రూలు. నేను అందరికి ఒక్కటే లెక్క అంటున్న. మిల్లున్నోళ్లకు యాభై వేలే, మిరప తోటల కూలికి పోయేటోళ్లకు యాభై వేలే."

"మా డీసీఎం లారీ మా సొంతం. మాకు కిరాయి పడదు, మీకు ఆటో కిరాయి పడతది. సమానం ఎట్లయితది?"

"మంచిగ యాది చేసిన్రు." కాగితం మీద రాసుకుంది. "సొంత బండైనా బయట కిరాయి ఎంతుంటే అంత లెక్క కట్టాలె."

వెనక నుంచి మా గోల్‌కీపర్ జగన్ నా చొక్కా లాగాడు. నేను ఆగితే కదా! నిజం చెప్పాలంటే, రాసేటప్పుడు నుదుటి మీద పడే వెంట్రుకలను ఆమె ఉఫ్ అని ఊది పక్కకు జరుపుతోంది. అది ఇంకోసారి చూడాలంటే ఆమె ఇంకోటి రాయాలి.

"మరి మైకు సంగతేంది?" అన్నాను.

మా ప్రాంతంలో గోల్ పడితే చూసేవాళ్లు చప్పట్లతో ఊరుకోరు. పెళ్లి చదివింపుల్లాగా మైకు దగ్గరికి పోయి, ఫలానా వారి తరఫున గోల్ కొట్టిన ఆటగానికి నూట పదహార్లు అని చదివిస్తారు.

"మా బాపు గోల్‌కు పదివేలు చదివిస్తడు. జీతం కాదు, కానుక. అప్పుడేం చేస్తరు?"

ఉఫ్. "మైకుల చదివిచ్చింది ఎవరిదైనా, తీసుకున్న జట్టు లెక్కలకే పోతది."

"తర్వాత తిరిగిచ్చేస్తేనో?"

ఉఫ్. "తిరిగిచ్చినా లెక్కే."

"జట్టు మనిషే తన జేబుల నుంచి ఇస్తే?"

"జట్టు మనిషి జేబుల నుంచి ఎవరికి పోయినా అది ఆ జట్టు ఖర్చే." పెన్నుకు మూత పెట్టి నా కండ్లలోకి చూసింది. "ఇంకేమన్న సందులున్నయా సార్? ఉంటే ఇయ్యాల్నే చెప్పుండ్రి, అన్ని మూసేద్దాం."

లీగ్ కమిటీ పెద్ద రాంజీ సార్, రిటైరైన డ్రిల్ మాస్టర్, నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టాడు. బయటికొచ్చాక జగన్ అన్నాడు, "రూల్స్ ఆమె రాయలే సాకేత్. నువ్వే కూసోబెట్టి రాయిచ్చినవ్."

వానలతో పాటు సీజన్ మొదలైంది. యాభై వేలలో హైదరాబాద్ ఆటగాళ్లు ఎక్కడ వస్తారు? మా ఊరోళ్లతోనే ఆడాం. గెలిచాం కానీ ఒకటి-సున్నా, రెండు-ఒకటి. పోయినేడు ఏడు గోల్స్ కొట్టినా కుర్చీలో కదలని బాపు, ఈయేడు ఒక్క గోల్‌కే లేచి తువ్వాల గాల్లోకి విసిరాడు.

మా మ్యాచులు లేని రోజుల్లో నేను తండా మ్యాచులకు పోయేవాణ్ణి.

"మీ మ్యాచ్ రేపు గద, ఇక్కడేం పని?" అని ఒకరోజు టెంట్ కింద పట్టుకుంది. బయట వాన దంచుతోంది.

"ఎదుటి జట్టును స్టడీ చేస్తున్న."

"నోట్‌బుక్కేది?"

"అంత మైండ్లనే."

"గంట నుంచి నా దిక్కే చూస్తున్రు. ఆడేటోళ్లు అటు దిక్కున్నరు సార్."

నేను వెంటనే అటు దిక్కు చూశాను. అటు దిక్కు ఆమె తమ్ముడు దేవ్యా ముగ్గురిని దాటుకొని బంతిని తీసుకుపోతున్నాడు. ఇరవై రెండేండ్లు, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. లీగ్ గెలిచిన జట్టుకు హైదరాబాద్ పెద్ద లీగులో చోటు, ఆటగాళ్లకు ఏడాది పాటు నెల జీతం. గెలిస్తే తమ్ముడు మళ్లీ ఆ ఇనుప చువ్వల మీదికి ఎక్కనక్కర్లేదని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో ఎకసెక్కం లేదు.

అంతలోనే గోల్ పడింది. ఆమె చటుక్కున లేచి మైకు దిక్కు పరుగు పెట్టింది. మక్కకంకులు కాల్చే లచ్చవ్వ అప్పటికే కొంగు ముడి విప్పుతోంది.

"అవ్వా, నీ కాల్మొక్కుత, చదివియ్యకు! లెక్క దాటుతది!"

"నా యాభై రూపాయలకే దాటుతదా? అదేం లెక్కనే, పొల్లా!" లచ్చవ్వ చదివించనే చదివించింది. అఖిల తల పట్టుకొని నోట్‌బుక్కులో రాసుకుంది. నేను కడుపుబ్బ నవ్వాను. తర్వాత నాకే ఏడుపు వస్తుందని అప్పుడు తెలియదు.

సెమీఫైనల్స్ ఒకేరోజు పడ్డాయి. పొద్దున మేము భూపాలపల్లిని ఒకటి-సున్నాతో ఓడించాం. మధ్యాహ్నం తండాకు, జనగామకు ఆట. ఆఖరి నిమిషం దాకా ఒకటి-ఒకటి. వాన సన్నగా మొదలైంది. దేవ్యా మూల నుంచి కొట్టిన బంతి గోల్‌కీపర్ చేతుల కింది నుంచి జారిపోయింది. అఖిల ఎగిరి గంతేసి, బురదలో జారి పడి, మొహమంతా మట్టితో లేచి నవ్వింది.

ఆ నవ్వు చూశాక నా కాళ్లు నా మాట వినలేదు. మైకు దగ్గర తేలాను.

"గోల్ కొట్టిన దేవ్యాకు పాలకుర్తి సాకేత్ తరఫున వెయ్యి నూట పదహార్లు!"

గ్రౌండంతా చప్పట్లు. నేను గొప్పగా ఆమె దిక్కు తిరిగాను. ఆమె నోట్‌బుక్ తెరిచి లెక్క వేస్తోంది. అప్పటికి నలభై తొమ్మిది వేల మూడు వందలు. నాది కలిపితే యాభై వేల నాలుగు వందల పదహారు.

"కావాలనే చేసినవ్," అన్నది.

రెండు నెలల్లో నన్ను మొదటిసారి నువ్వు అన్నది. ఆ నువ్వు కోసం ఎన్ని వానల్లో తడిశానో, ఇట్లా వస్తుందనుకోలేదు.

"అఖిలా, నాకు మీ లెక్క..."

"సందులన్ని చూపిచ్చినోనివి నువ్వే. ఏ సందుల నుంచి కొట్టాలెనో నీకు తెల్వదా?"

దేవ్యా బూట్లు విప్పుతూ మెల్లగా అన్నాడు, "పోనీ తీ అక్కా. సోమారం బస్సుకు పోత."

ఆమె ఏడవలేదు, విజిల్ తీసి సంచిలో పెట్టుకుంది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

కమిటీ టెంటులోకి పరుగెత్తాను. రాంజీ సార్ పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

"సార్, ఆఖరి రూల్ చూడుండ్రి. జట్టు మనిషి జేబుల నుంచి ఎవరికి పోయినా ఆ జట్టు ఖర్చే. నేను పాలకుర్తి మేనేజర్ని. నా వెయ్యి నూట పదహార్లు మా లెక్కల వేయుండ్రి."

"మీ లెక్కల మూడు వందల యాభై మిగిలింది. వేస్తే మీరు బయటికి పోతరు."

"తెలుసు సార్."

ఆయన తలెత్తకుండానే అడిగాడు. "మైకుల చదివిచ్చింది తీసుకున్నోళ్ల లెక్క అని ఇంకో రూల్ గూడ ఉన్నది గద. ఒక్క రూపాయిని రెండు దిక్కుల రాయలేం. ఆట నచ్చి చూసేటోని లెక్క ఇచ్చినవా, మేనేజర్ లెక్క ఇచ్చినవా?"

నచ్చి ఇచ్చాను అంటే తండా ఇంటికి, దేవ్యా సోమవారం బస్సుకు. అప్పటికే టెంటు తాడు పట్టుకొని అఖిల నిలబడి వింటోంది.

"మేనేజర్ లెక్కనే సార్. వాళ్లను బయటికి పంపాలెనని కుట్ర చేసి ఇచ్చిన."

నా వెనకే వచ్చిన జగన్ నెత్తి కొట్టుకున్నాడు. అఖిల నా దిక్కు చూసి, తాడు వదిలేసి వెళ్లిపోయింది. రాంజీ సార్ పుస్తకం మూశాడు. పాలకుర్తి బయటికి, మా చేతిలో ఓడిన భూపాలపల్లి ఫైనల్ లోపలికి.

సాయంత్రానికల్లా నర్సింహులపేట దాకా నా పేరు మోగింది, కుట్రదారు అని. మా ఆటగాళ్ల ఇంటింటికీ పోయి తప్పు ఒప్పుకున్నాను. తప్పు నాది, దెబ్బ పడింది వాళ్లకు. జగన్ తలుపు తీయలేదు. బాపు నాతో మాట్లాడటం మానేసి, నా ముందే అమ్మతో "నీ కొడుకును అన్నం తినమను" అనేవాడు.

మూడోనాడు వానలో ఒక స్కూటీ మిల్లు ముందు ఆగింది. అఖిల.

"అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

"ఏ అబద్ధం?"

"మా లెక్క నాకు, రాంజీ సార్‌కు తప్ప ఎవ్వరికి తెల్వదు. మాకెంత మిగిలిందో తెల్వకుండ ఎంత ఇస్తే దాటుతమో నీకెట్ల తెల్సు? కోపంల అప్పుడు తట్టలే. మూడు దినాలు ఆలోచన చేసిన. సార్ దగ్గరికి పోయి, సాకేత్ చెప్పింది అబద్ధం, మా జట్టును తీసేయుండ్రి అని చెప్పిన."

"నీకేమన్న పిచ్చా! నేనంత చేసింది..."

"అబద్ధంతోని వచ్చిన ఫైనల్ నాకొద్దు."

"సార్ ఏమన్నడు?"

ఆమె పెదవి కొరుక్కుంది. కోపం కాదు, నవ్వు ఆపుకుంటోంది. "'వాని మాట నాకెందుకు బిడ్డా? మేనేజర్ వాడు, జేబు వానిది. నీ ఆఖరి రూల్ చాలు. వాడు టెంటులకు రాకముందే పాలకుర్తి లెక్కల రాసిన. ఏం చెప్తడో చూద్దామని ఉత్తగ అడిగిన,' అన్నడు."

"అంటే... నేను కుట్రదారును అయ్యింది?"

"ఉత్తగనే!"

వడ్ల బస్తాల మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకొని, ఒక్కసారిగా నెమ్మదించింది.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎందుకిచ్చినవ్?"

"బురదల పడి లేచి నవ్వినవ్ గద. నీ నవ్వుకే ఇచ్చిన. పైసలు మీ తమ్మునికి పోయినయ్." ఇంత దూరం వచ్చాక దాచేదేముంది? "నువ్వంటే ఇష్టం అఖిలా. మీటింగ్ నాటి నుంచే."

ఆమె బస్తాల మీది నుంచి లేచి బట్టలు దులుపుకుంది. తర్వాత స్కూటీ ఎక్కింది. "ఆదివారం ఫైనల్. అప్పటిదాంక ఏం అడగకు. నా మైండ్ ఆట మీదనే ఉండాలె."

ఆదివారం వాన పడలేదు. నేను జనం వెనక నిలబడ్డాను. పక్కన కుర్చీ వేసుకొని బాపు కూర్చున్నాడు, నాలుగు రోజుల తర్వాత నోరు తెరిచాడు.

"జట్టు పోయింది, సరే. పిల్లన్న ఒప్పుకున్నదా?"

"నీకెవరు చెప్పిన్రు?" అన్నాను.

"రాంజీయే చెప్పిండు, మేమిద్దరం ఒక్క బడిల చదువుకున్నం. మీ అమ్మకు నేను చెప్పుకుంట గని, ముందు ఆ పిల్లను అడుగు."

భూపాలపల్లి వాళ్లకు సొంత గ్రౌండ్ ఉంది, ఏడాదంతా ప్రాక్టీసు. తండా వాళ్లు మిరపకాయలు ఎండబోయని రోజుల్లో కళ్లంలో ఆడుకుంటారు. ఆ తేడా యాభై వేల లెక్కతో పోదు. కానీ తొంభై నిమిషాలూ ఎవరు గెలుస్తారో ఒక్కరికీ తెలియలేదు. దేవ్యా రెండో గోల్ కొట్టాకే తెలిసింది. రెండు-ఒకటి. తండా గెలిచింది, సోమవారం బస్సు దేవ్యాను ఎక్కించుకోకుండానే పోతుంది.

అఖిల జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఇప్పుడన్న ఒప్పుకుంటవా, రూల్ పెడితే ఆట సమానమైతదని?"

"సగం ఒప్పుకుంట. సమానం కాలే. గని గెలవనీకి అందరికి ఒక దారి దొరికింది."

"మిగిలిన సగం?"

"వచ్చేయేడు మీటింగుల కొట్లాడుత."

ఆమె వెనకే వాళ్ల నాయిన అమర్‌సింగ్ వచ్చాడు. నన్ను కింది నుంచి పై దాకా చూసి, వాళ్ల భాషలో ఏదో అడిగాడు. చుట్టూ ఉన్న తండా వాళ్లంతా ఘొల్లుమన్నారు. అఖిల అదే భాషలో జవాబు చెప్పింది. ఈసారి ఆయన కూడా నవ్వాడు.

"ఏమన్నడు?" అని గుసగుసగా అడిగాను.

"'సొంత జట్టునే బయటికి పంపినోడు, మనింటికొస్తే మనల్ని గూడ పంపుతడేమో' అంటున్నడు."

"నువ్వేమన్నవ్?"

"పంపితే నాతోని పాటు తనూ బయటికి పోతడు తీ, అని అన్న."

ఆ మాటకు అర్థం నా బుర్రలోకి ఎక్కేలోపే ఎవరో నా భుజం మీద బురద చెయ్యి వేశారు. దేవ్యా. ఇంకో చేతిలో కప్పు ఉంది, ఎదురుగా జగన్, అలక తీరినట్టుంది, ఫోన్ పట్టుకొని నిలబడి ఉన్నాడు.

"బావా, జర అక్క దిక్కు జరుగు. ఫోటోల పడ్తలేవు."

జరిగాను.