చలికొస గది

మా ఊళ్ళో చ్యోన్ అవ్వ ఇంటి పెరటిగది పేరెత్తితే చాలు, తాగి తూలుతున్నవాడు కూడా మత్తు దిగి మాట మార్చేవాడు.

ఎండాకాలంలో ఆ గదికి ఏ రోగమూ లేదు. అవ్వ అందులో మిరపకాయలు ఆరబోసుకునేది. మంచు పడ్డం మొదలైందా... ఇక ఆ గదిలో అద్దెకున్నవాళ్ళ మొహాలు చూడాలి. పొద్దున్నే తల పట్టుకుని, గోడ పట్టుకుని బయటికొచ్చేవాళ్ళు. అడిగితే అందరిదీ ఒకటే మాట. రాత్రి ఒళ్ళు కదల్లేదు — గదికి అవతలి కొసన, గోడవైపు తిరిగి, తెల్లబట్టల్లో ఎవరో కూర్చుని ఉన్నారు.

నేను గంగ్వన్ కొండల్లో పుట్టినదాన్ని. గనుల ఊళ్ళో, స్టేషను ఎదురుగా ముప్ఫయ్యేళ్ళు నూడుల్స్ కొట్టు నడిపాను. బొగ్గు దగ్గే మగాళ్ళతో వేగి వేగి నాకు భయమన్నది ఎప్పుడో చచ్చింది. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే ఒళ్ళు మంట కూడా. అయినా ఈ ఒక్కటీ చెప్తాను. ఇది మా బావకి జరిగింది. సగం ఆయన చెప్పగా విన్నది, సగం నా కళ్ళతో చూసింది.

గోడవైపు కూర్చునే ఆ మనిషికి ఊరు పేరు కూడా పెట్టేసింది. ఉన్‌సిల్. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పెళ్ళయి, కొత్తగా నేల పరిచిన ఆ గదిలో కాపురం పెట్టి పందొమ్మిది రోజులైంది. మొగుడు రాత్రి గనిలోకి దిగాడు, పొద్దున్న వచ్చేసరికి పిల్ల చల్లబడిపోయి ఉంది. వాళ్ళమ్మ మెంగ్ మా వీధుల్లో తెల్లవారుజామున గంట వాయించుకుంటూ టోఫూ అమ్మేది. ఆ తరవాత జనం ఆ గంట వినబడితే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు. దెయ్యం తల్లి చేతి టోఫూ తింటే ఏమవుతుందో అని. అలా పదకొండేళ్ళు.

గ్యాసని ఎవరికీ తట్టలేదా అంటారేమో. తట్టింది. బొగ్గుదిమ్మ పొగకి ఏటా ఎవరో ఒకరు పోయే ఊరు మాది, ఆ మాత్రం తెలీదా? పొయ్యి గది బయట ఉంటుంది. దాని వేడీ పొగా నేలమీది పలకరాళ్ళ కింద కాలువల్లో పాకి, అవతలి గోడ దగ్గరున్న చిమ్నీలోంచి పోవాలి. ఎక్కడైనా అడ్డు పడిందంటే, పొగ పగుళ్ళలోంచి గదిలోకి వస్తుంది. అందులోని గ్యాసుకి రంగుండదు, వాసనుండదు. అందుకే ఉన్‌సిల్ పోయినప్పుడు ఊరి పెద్దలు ఆ నేల పరిచిన మేస్త్రీని పిలిపించారు.

ఆ మేస్త్రీ మా బావే. తక్ మాన్‌సిక్. మా చుట్టుపక్కల పది ఊళ్ళలో వెచ్చటి నేల అంటే తక్ పరిచిన నేలే. ఆయన పద్ధతే వేరు. రాళ్ళు పరిచేటప్పుడు తడిమట్టి కాలువల్లోకి జారకుండా, చివర్లలో గడ్డి కూరిన గోనెసంచులు అడ్డం పెట్టేవాడు. అయిదు కాలువలకి అయిదు సంచులు. ఆఖరి రాయి మూసేముందు లాగేసేవాడు. పట్టు దొరకాలని మా అక్క ఒక్కో సంచికీ నీలం దారంతో చెవి కుట్టింది. పని అయ్యాక వాటిని ఏట్లో ఉతికి ఆరేసేది కూడా ఆవిడే.

సరే, బావ వెళ్ళాడు. పొయ్యిలో గడ్డి వెలిగించాడు. చిమ్నీలోంచి పొగ నిటారుగా లేచింది. రాళ్ళు తట్టి చూశాడు. "నా నేలకి ఏ వంకా లేదు. ఇది గ్యాసు కాదు" అన్నాడు. తక్ అంతటివాడు కాదన్నాక ఇంకెవరు మాట్లాడతారు? గ్యాసు కాకపోతే మరేంటి... అక్కణ్ణించే దెయ్యం పుట్టింది.

పదకొండో ఏడు మల్‌సున్ ఆ గదిలో దిగింది. మొగుడు గని కూలీ, రాత్రిపాళీ. చంకలో ఏడునెలల దల్లే. కంపెనీ గదులు వసంతంలోగానీ రావన్నారు. అంత తక్కువ అద్దెకి ఊళ్ళో ఇంకో కప్పు దొరకదు.

మంచు పడ్డ వారానికి నా కొట్టుకొచ్చింది. బావ ఓ మూల నూడుల్స్ తింటున్నాడు.

"పెద్దాయనా, మీరు నేలలు బాగుచేస్తారటగా" అంది మెల్లిగా. "మా గదిలో పొయ్యికొసన నేలకి అంటించిన కాగితం మాడిపోతోంది, అవతలి కొసన గిన్నెలో నీళ్ళు గడ్డకడుతున్నాయి. పిల్ల పాలు కక్కేస్తోంది. నిన్న పొద్దున్న... ఎంత కుదిపినా లేవలేదు. చెంపమీద కొడితే లేచింది."

బావ తల ఎత్తలేదు. "నేల మంచిదే. పొయ్యి ఎగదోసుకోవడం రావాలి."

"ఆవిణ్ణి కూడా చూశాను" అంది మల్‌సున్. "గోడవైపు తిరిగి కూర్చుంది. నాకు ఆవిడంటే భయం లేదు, పెద్దాయనా. పిల్లకి ఏమన్నా అవుతుందేమోనని."

నాకు మండింది. "బావా, దెయ్యానికి చలేస్తుందా?" అన్నాను. "నీళ్ళు గడ్డకట్టేది దెయ్యం వల్లనా, నేల వల్లనా?"

"నోర్ముయ్" అన్నాడు.

"మూస్తాను. పొద్దున్న ఆ పిల్ల లేవకపోతే అప్పుడు నువ్వే తెరిపించు."

బావ గిన్నె పక్కకి నెట్టాడు. మా అక్క పోయి రెండేళ్ళయింది అప్పటికి. ఆవిడ తప్ప ఆయనకి ఎదురు చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. "ఇవాళ నువ్వూ పిల్లా మా మరదలింట్లో పడుకోండి" అన్నాడు మల్‌సున్‌తో. "ఆ గదిలో నేను పడుకుంటాను. పొద్దున్న లేచి, ఏ వంకా లేదని ఊరందరి ముందూ చెప్తాను."

ఆ రాత్రి మబ్బు కొండమీదనించి కప్పులమీదికి దిగింది. గాలి లేదు. అలాంటి రోజు చిమ్నీ ఊపిరి తియ్యదు, ఆ సంగతి మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకీ తెలుసు. బావకి తెలీదా? తెలుసు. పంతం అలాంటిది.

రెండు బొగ్గుదిమ్మలు పొయ్యిలోకి తోశాడు. గదిలోకొచ్చి తలుపేసుకున్నాడు. అలవాటు ప్రకారం అరచెయ్యి నేలకి ఆనించి, పొయ్యికొసనించి ఒక్కొక్క రాయీ తడుముకుంటూ వెళ్ళాడు. మొదటిది కాలింది. తరవాతవి వెచ్చగా... ఆ తరవాత గోరువెచ్చగా... గది సగం దాటేసరికి చలి. నూనెకాగితం కింద రాయి ఏట్లో రాయిలా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని పొయ్యికొసన పడుకున్నాడు.

ఎంతసేపు నిద్రపోయాడో తెలీదు.

తల బరువుగా ఉండి కళ్ళు తెరిచాడు. దీపం చిన్నదైంది. ఇల్లంతా నిశ్శబ్దం...

గోడవైపు ఎవరో ఉన్నారు.

తెల్లబట్టలు. మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వీపే కనబడుతోంది. భుజం కదులుతోంది... మెల్లిగా, అటూ ఇటూ.

లేవాలనుకున్నాడు. వేలు కూడా కదల్లేదు.

ఏం చేస్తోందా అని చూశాడు. నేల తడుముతోంది. అరచెయ్యి ఆనించి, ఒక్కొక్క రాయీ — అచ్చం తను తడిమినట్టే.

గోడనించి నాలుగో రాయి దగ్గర చెయ్యి ఆగింది.

"ఇక్కడ చల్లగా ఉంది" అంది. కోపం లేదు గొంతులో. పక్కింటి పిల్ల వచ్చి, మామయ్యా కొంచెం చూడవా అని అడిగినట్టు ఉందట.

అప్పుడు ఇటు తిరగబోయింది...

ఆ మొహం చూస్తే తను బతకనని బావకి తెలిసిపోయిందట. ఎలా తెలిసిందో తెలీదు. ఉన్న ఓపికంతా చేతిలోకి తెచ్చుకుని విసిరాడు. ఆ చెయ్యి తలుపుకి తగిలింది. మా తలుపులు చెక్కచట్రానికి కాగితం అతికించినవి. కాగితం చిరిగి, చెయ్యి మోచేతిదాకా బయటికొచ్చింది. ఆ కంతలోంచి చలిగాలి మొహానికి కొట్టింది. అంతవరకే ఆయనకి గుర్తు.

తెల్లవారుతుండగా గంజి పట్టుకుని నేను వెళ్ళాను. పెరట్లోకి అడుగు పెట్టగానే కనబడింది... తలుపులోంచి పొడుచుకొచ్చిన చెయ్యి. గిన్నె అక్కడే వదిలేశాను. కాళ్ళు పట్టుకుని ఆయన్ని పెరట్లోకి ఈడ్చి, మంచుపట్టిన మట్టిమీద బోర్లా పడేశాను. గ్యాసు పట్టినవాడికి మేం చేసేది అదే. అవ్వ ముల్లంగి ఊరబెట్టిన నీళ్ళు తెచ్చింది. ముక్కు మూసి గొంతులో పోశాను. కక్కాడు. మళ్ళీ పోశాను. నా ఏడుపు నాకే వినబడుతోంది.

"ఉన్‌సిల్ పట్టుకుంది, వదల్దింక" అని అవ్వ గొణుగుతోంది.

బావ కళ్ళు తెరిచాడు. మొదటి మాట ఏం అన్నాడో తెలుసా? "గునపం తే."

నిలబడలేడు. ఒంటిచేత్తో గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. తలుపులు బార్లా తెరిచాం. గోడనించి నాలుగో రాయి దగ్గర మోకాళ్ళమీద కూలబడ్డాడు. కాగితం చింపాడు, మట్టి గీకాడు, పలకరాయి కింద గునపం పెట్టి ఎత్తాడు.

కింద కాలువ నల్లగా ఉంది. అందులో ఏదో ముడుచుకుని పడుకున్నట్టు ఉంది.

అవ్వ పెరట్లోకి పరిగెత్తింది. నేను వంగి చూశాను. గోనెసంచి. మసి పట్టి, గట్టిపడి, ఆ ఒక్క కాలువని బిరడాలా మూసేసింది; మిగతా నాలుగూ తెరిచి ఉండబట్టే ఆనాడు చిమ్నీ పొగ నిటారుగా లేచింది. బావ దాని కొస పట్టుకుని లాగాడు. మసి రాలింది. మడతలో దాక్కున్న చెవి బయటపడింది.

నీలం దారం.

ఆ కుట్టు నాకు తెలియకపోవడమేంటి? నాకు సూది పట్టుకోవడం నేర్పింది అక్కే. ఒక్కసారిగా ఆ పాత సాయంత్రం గుర్తొచ్చింది. ఉన్‌సిల్ పెళ్ళి ముహూర్తం ముంచుకొస్తోందని పెళ్ళివారు తొందరపెడితే, బావ నాలుగు రోజుల పని రెండు రోజుల్లో ముగించి ఇంటికొచ్చాడు. అక్క ఏటికి వెళ్తూ, "ఏమండీ, నాలుగే ఉన్నాయి. అయిదోది ఏదీ?" అని అడిగింది. "చిరిగిపోతే పొయ్యిలో పారేశాను" అన్నాడు. నేను అక్కడే కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను.

ఇప్పుడు ఆయన మొహంలోకి చూశాను. ఆ సాయంత్రం ఆయనకీ గుర్తొచ్చిందని అర్థమైంది.

"నిజంగానే పారేశాననుకున్నావా బావా?" అన్నాను.

"గుర్తు లేదు" అన్నాడు. ఆ చెవి మడత విప్పుతూ, "గుర్తు చేసుకోలేదు" అన్నాడు.

సంచి ఒళ్ళో పెట్టుకుని మసి దులిపాడు. తరవాత మెల్లిగా, అవ్వకి వినబడకుండా, రాత్రి చూసినదంతా చెప్పాడు. "గ్యాసు పట్టినవాడికి ఏవేవో కనబడతాయి, నిజమే. కానీ... అయిదు కాలువల్లో ఏది మూసుకుందో నాకు తెలీదే. ఆ పిల్ల చెయ్యి సరిగ్గా ఆ రాయిమీదే ఎలా పెట్టింది?"

"నీకు తెలుసు బావా" అన్నాను. "పదకొండేళ్ళుగా తెలుసు." నోరు జారి అన్న మాట కాదు. అనాలనే అన్నాను.

గుమ్మం దగ్గర మల్‌సున్ నిలబడి ఉంది. దల్లే తల్లి భుజంమీద నిద్రపోతోంది. మల్‌సున్ గుంటకేసి, సంచికేసి చూసింది. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు.

"పెద్దాయనా, ఇక వెచ్చబడుతుందా?" అంది.

"వెచ్చబడుతుందమ్మా" అన్నాడు బావ.

రాళ్ళన్నీ పీకాడు. అయిదు కాలువలూ చేత్తో గీకి శుభ్రం చేశాడు. మళ్ళీ పరిచి, మట్టి మెత్తి, ఆరిందాకా ఉండి, మొదటి రాత్రి తనే పడుకుని చూశాడు. ఆ చలికాలమంతా ఆ గదిలో గోడవారన కూడా దల్లే ఒంటిమీద బట్ట లేకుండా పాకింది. ఎవరికీ ఏమీ కనబడలేదు.

కానీ అది తరవాతి సంగతి. నేల ఆరకముందే, మూడోరోజు పొద్దున్న, బావ ఆ సంచి కాగితంలో చుట్టుకుని "నాతో రా" అన్నాడు. మెంగ్ ఇంటికి వెళ్ళాం. ఆవిడ అప్పుడే గంట వాయించుకుంటూ ఊరంతా తిరిగి, సగం అమ్ముడుపోని పళ్ళెంతో తిరిగొచ్చింది. బావ నేలమీద మోకరిల్లి, సంచి ముందు పెట్టి, ఏమీ దాచకుండా చెప్పాడు. తొందరలో మర్చిపోయానని. తట్టి చూసినప్పుడు లోపల ఎక్కడో అనుమానం కొట్టిందని. పేరు పోతుందని నోరు మూసుకున్నానని.

కొడుతుందనుకున్నాను. జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. అలా చేసినా అడ్డు వెళ్ళకూడదనే నిలబడ్డాను. ఆవిడ సంచిని ముట్టుకోలేదు. తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ తుడుచుకుంటూ, ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే... మా పిల్ల దెయ్యం కాలేదన్నమాట?"

బావ తల ఎత్తాడు. మూడు రాత్రుల కిందట తను చూసింది ఆయన కళ్ళలోనే ఉంది, నాకు కనబడుతూనే ఉంది.

"కాలేదమ్మా" అన్నాడు. "గదిలో ఎవరూ లేరు. నేలకింద నా సంచి ఉంది, అంతే."

ఆవిడ అప్పుడు ఏడ్చింది. పదకొండేళ్ళ ఏడుపు.

తిరిగొస్తూ సందు మలుపు దాకా వచ్చాం. అక్కడ ఉండబట్టలేక, "అబద్ధం చెప్పావు బావా" అన్నాను.

ఆయన ఆగి నావైపు తిరిగాడు.

"ఏది?" అన్నాడు.

ఆవిడతో గదిలో ఎవరూ లేరన్నదా, నాతో ఆ పిల్లని చూశానన్నదా... నేను అడగలేదు.