మేడ మీద మునిగిన తోట

మేడ మీది తోటను ఎవరో చంపేస్తున్నారని సోమవారం పొద్దున్నే బయటపడింది.

శనివారం దాకా నిటారుగా ఉన్న బంతి మొక్కలు కుండీ అంచు మీద వాలిపోయాయి. టమాటా ఆకులు పసుపు తిరిగాయి. ఆమె భుజానున్న బ్యాగైనా దించకుండా మగ్గు అందుకుని కుండీ కుండీకీ పరుగెత్తింది.

కింద ఆఫీసులో పిల్లల నిఘంటువు తయారవుతోంది. అందులో అర్థాలు రాసేది ఆమె. కంటితో చూడనిదానికీ, చేత్తో తాకనిదానికీ అర్థం రాయనని ఆమె పంతం. 'తేనె' కోసం తేనెటీగ చేత కుట్టించుకుంది. 'తేలు' దగ్గర మాత్రం ఆఫీసంతా అడ్డుపడి ఆపింది. ఇప్పుడు 'తోట' కోసం మేడ మీద కుండీలు పెట్టింది.

"సాయంత్రం ప్రెస్సు మనిషి వస్తాడమ్మా," అన్నాడు ఎడిటర్. "అప్పటికి నీ అర్థం రాకపోతే పాత పుస్తకంలోదే పెట్టేస్తా. 'మొక్కలు పెంచు స్థలము'. ఏదైనా సరే, ఈ పుస్తకం పని ముగిసినట్టే, రేపట్నుంచి నువ్వు ఊరవతల ఆఫీసుకి."

"మొక్కలు నర్సరీలోనూ పెంచుతారు సార్. అదీ తోటేనా?"

"మరి తోటంటే ఏంటి?"

అదే ఆమెకూ అంతు పట్టలేదు. అందరినీ అడిగింది.

"మా అత్తగారికి నాలుగు బెండ మొక్కలుంటే చాలు, తోటే," అంది ప్రూఫులు దిద్దే ఆవిడ. ఆఫీసంతటికీ ఆవిడ పిన్నే.

"మొన్న పెళ్లికని ఓ గార్డెన్‌కి వెళ్లానండీ," అన్నాడు డ్రైవర్. "వెతికినా ఆకు కనబడలా. అన్నీ కార్లే."

బొమ్మలు వేసే అతను తలెత్తలేదు. "అర్థాలమ్మగారు ఏది చెబితే అది గీస్తాను. ఆకాశం అయిపోయింది. కింద మీ తోటకి చోటు వదిలా."

"నా తోట చచ్చిపోతుంటే మీకు జోకులా?"

"జోకు కాదండీ." అతను కుంచెను మగ్గులో అవసరం లేకుండా గిరగిరా తిప్పాడు.

ఆమెకు కుర్చీలో కుదురు లేదు. పావురాల పనా? మేడ మీదకెళ్లి సిగరెట్ కాల్చే ఎడిటర్ పనా? పది నిమిషాలకోసారి పైకెళ్లి వచ్చేది.

నాలుగింటికి పిన్ని కూడా పైకొచ్చి ఒక బంతి మొక్కను పీకి చూసింది. వేళ్లు నల్లబడి కుళ్లు వాసన కొట్టాయి.

"ఇది దాహంతో పోలేదే తల్లీ, మునిగి పోయింది! నీళ్లెక్కువైనా మొక్క ఇలాగే వాలుతుంది. ఎన్నిసార్లు పోస్తున్నావే?"

"పొద్దున ఒక్కసారే పిన్నీ. ఆదివారం అసలు రాను కదా."

"మరి ఇంత బురదేంటి? ఇందులో ఇంకో చెయ్యి ఉంది. కనిపెట్టు," అంటూ పిన్ని కిందికి దిగింది.

అప్పుడే ఉరిమింది. సరిగ్గా ఇవాళే, పిలవని పేరంటంలా వాన. మిగిలిన నాలుగు కుండీలూ మునిగిపోతాయి! ఆమె గులాబీ కుండీ ఎత్తుకుని మెట్ల గదిలోకి పరుగెత్తి, తిరిగి వచ్చేసరికి వానలో బొమ్మలతను. రెండు కుండీలు గుండెకు హత్తుకుని, చొక్కా నిండా బురదతో.

"వీటికిక నీళ్లు పడవని మీకెవరు చెప్పారు?"

"పిన్ని. తర్వాత విచారించండి, ముందు ఆ టమాటా పట్టుకోండి!"

చివరి కుండీ కూడా లోపలికి చేరింది. ఇరుకైన మెట్ల గదిలో ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. అప్పుడు చూసింది ఆమె, కుండీ అంచున సన్నటి నీలం మరక. వేలితో తుడిచి, ఆ వేలు అతని ముందు పెట్టింది.

"ఆకాశం అయిపోయిందన్నారు. ఆ నీలం నా కుండీకెలా అంటింది?"

అతను తలుపు వైపు చూశాడు. తలుపవతల కుండపోత.

"ఎలాగూ వెళ్లిపోయేదాన్ని. ఓడించి పంపుదామనుకున్నారా?"

కింద నుంచి ఎడిటర్ కేక. "ప్రెస్సు మనిషి వచ్చేశాడమ్మా! తోట ఏది?"

ఆమె కుండీల వైపు, అతని చొక్కా మీది బురద వైపు చూసింది.

"రాసుకోండి సార్! తోట అంటే, మరిచిపోతే ఎండిపోయేవి, కంగారుపడితే మునిగిపోయేవి. అందుకే రోజూ దగ్గరుండి చూసుకోవాల్సిన మొక్కలు!"

కింద ఎడిటర్ ఆ మాటలే పైకి చదువుతూ రాసుకున్నాడు.

"బావుంది. కాస్త పొడుగు. అయినా పెట్టేస్తున్నా!"

ఆమె నవ్వు దాచుకుని, మెట్ల తలుపు దగ్గరగా వేసి, దానికి ఆనుకుని నిలబడింది.

"నా అర్థం నేను చెప్పాను. ఇప్పుడు మీ వంతు."

"చంపింది నేనే," అన్నాడతను. "ఓడించడానికి కాదు. నువ్వు ఇంటికెళ్లాక రోజూ పైకి వచ్చేవాణ్ణి. ఆదివారాలు కూడా. చేతికి దొరికింది కుంచెలు కడిగే మగ్గు. దాన్ని కడిగే తెచ్చాను, సరిగ్గా కడగలేదేమో. తోట పూస్తే నీ అర్థం దొరికి, పుస్తకం పూర్తయి నువ్వు వెళ్లిపోతావు, తెలుసు. తెలిసే పోశాను. అవి నీకోసం ఎదురుచూస్తున్నట్టు కనబడేవి. పాపం అనిపించి ఇంకో మగ్గు పోసేవాణ్ణి. ఇవాళ పిన్ని చెప్పేదాకా అర్థం కాలేదు. దాహం నాది. నీళ్లు వాటికి పోశాను."