పన్నెండు తాళాల గల్లీ

"కనకవ్వా! కనకవ్వ ఎవరు?"

తనిఖీకొచ్చిన సాబు, పొగ మీద ఇచ్చిన అర్జీలో పేరు చూసి పిలిచాడు. ముక్కుకు రుమాలు అడ్డం. ఈ గల్లీ గాలి కూడా తనకు అంటొద్దు పాపం!

"ఆమె మొన్ననే సచ్చిపోయింది సాబ్. ఈడ ఎవ్వరుండరు. అన్నీ బట్ట నేసే సాంచెలే," పళ్లికిలించాడు భూమయ్య.

వెనక నిలబడ్డ కోడలు స్వర్ణకు ఒళ్లు మండింది. కనకవ్వ పోయిన మాట నిజమే, కానీ ఎవ్వరుండరని, అంత మీసం పెట్టుకుని ఇంత అబద్ధమా! గోడవతల డేటా సెంటర్ లేచిన నాటి నుంచి దాని జనరేటర్ల పొగకు గల్లీ గల్లీ అంతా దగ్గుతోంది. ఇండ్ల పక్కన ఇంకోటి కట్టొద్దని సర్కారు కాయిదా ఉంది. ఆ ఇంకోటి కట్టే ఠేకా, కాంట్రాక్టు, మామదే మరి. అందుకే పొద్దున్నే పోచమ్మ బోనాలని చెప్పి అందరినీ టెంపోలో కళ్యాణ్‌కు తోలి, పన్నెండు ఒంటిగది ఖోలీలకూ తాళాలేశాడు. ఆమెతో ఒకటే మాట: "నోరు తెరిస్తివో, ఊరికి తోల్త."

ఆమె చంకలో మూడేళ్ల కాజల్. మూడు నెలలుగా దగ్గు. ఈ పొగలో ఉంటే పిల్ల దక్కదన్నాడు డాక్టరు. "ఆనికేం తెల్సు," అన్నాడు తాత.

శుక్రవారం, సాంచెలు బంద్. నూనె వాసన, గంజి వాసన. జనరేటర్ల పొగ గోడ దిగి, మెత్తగా, చీర కొంగులా నేల మీద పాకుతోంది...

అప్పుడు వినబడింది.

ఖళ్... ఖళ్...

కనకవ్వ ఖోలీలోంచి.

"లోపలెవరు?" అన్నాడు సాబు.

"ఎలుకలు సాబ్."

"ఎలుకలు దగ్గుతాయా?"

పక్క ఖోలీలో ఇంకో దగ్గు. వానాకాలంలో దగ్గి దగ్గి సచ్చిపోయిన నాగయ్యది. ఆ పక్కన... సన్నగా, మూడుసార్లు, చివర పిల్లనగ్రోవిలా కూత.

ఆ కూత స్వర్ణకు తెలుసు. రాత్రంతా వినేదే.

చంకలోకి చూసింది. కాజల్ కళ్లు మూసుకుని ఉంది. దగ్గడం లేదు. చెంప చల్లగా...

"మామా," గుసగుసలాడింది. "లోపల... మన కాజలు."

భూమయ్య ఆ మూడో ఖోలీ తాళం తీశాడు. ఖోలీ ఖాళీ. చాప కూడా లేదు. ఆ ఖాళీలోంచే, మోకాలంత ఎత్తు నుంచి, దగ్గు వస్తూనే ఉంది.

అంత పెద్దమనిషీ కూలబడి సాబు కాళ్లు పట్టుకున్నాడు.

"మనుషులుంటరు సాబ్... ఇంటింటికీ ఉంటరు. నేనే తోలిన. నేనే తాళాలేసిన!"