హైదరాబాదులోనూ కరెంటు పోయింది

వీర్రాజు అడిగినదానికి కిరణ్ జవాబు టైపు చేస్తున్నట్టు తెరమీద కనబడుతోంది. సరిగ్గా అప్పుడే మలికిపురం నెట్ సెంటర్లో కరెంటు పోయింది.

అడిగింది చిన్న మాటే. "ఒకసారి కలుద్దామా?"

కొబ్బరికాయల కొట్లో పనిచేసే ఇరవై రెండేళ్ళ వీర్రాజు మనసు అబ్బాయిల మీదికే పోతుందని తెలిసినవాడు ఈ కిరణ్ ఒక్కడే. మొహం ఎప్పుడూ చూడలేదు. హైదరాబాదులో ఉంటాడట. కిందటేడు, 2005లో, అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకున్న కొడుక్కి తల్లి తాయెత్తు కట్టించింది. ఈ చాటింగ్ మొదలయ్యాక వాడు రెండోమారు కూర అడుగుతున్నాడు. ఆవిడ తాయెత్తుని మెచ్చుకుంటోంది.

వీర్రాజు లేచి గుమ్మం మెట్టుమీదికి వచ్చాడు. బయట వాన. పక్క కేబిన్‌లోంచి ఒకతను వచ్చి పక్కనే నిలబడ్డాడు. సన్నగా ఉన్నాడు. చొక్కా నిండా గ్రీజు మరకలు.

"ముఖ్యమైన కబురండీ. పంపేలోపే పోయింది," అన్నాడు విసుగ్గా.

"ఎవరికండీ?"

"వైజాగ్‌లో ఫ్రెండుకండీ. సాగర్ అని."

చాటింగ్‌లో ఆ సాగర్ వీర్రాజే. వైజాగ్ ఎలా ఉంటుందో తనకి తెలియదు. వానలోనే వెళ్ళిపోదామనుకున్నాడు. ఒక అడుగు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"హైదరాబాదులోనూ ఇప్పుడే పోయిందాండీ కరెంటు?" అన్నాడు మెల్లిగా.

అతను తిరిగి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. చూరునీళ్ళు ఇద్దరి కాళ్ళమీదా పడుతున్నాయి.

"మొన్న వైజాగ్ బీచ్‌లో మునిగేనన్నారు. ఏ బీచండీ అది?" అన్నాడతను.

"ఓడలరేవండీ."

"చార్మినార్ దగ్గర టీ తాగేనని నేనూ కోతలు కోసేను లెండి. అది రాజోలు బస్టాండండీ."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక వీర్రాజుకి భయం వేసింది.

"ఎవరితోనైనా అంటారాండీ?"

"మీరంటారా?"

"అననండీ."

"మరింకేం. నా గుట్టూ మీ దగ్గరే ఉంది కదా."

"ఇంతకీ ఏం రాసేరు?"

అతను వానకేసి చూశాడు. "కలవడం కుదరదని. ఇంక రాయొద్దని. ఊరు అబద్ధం చెప్పినవాణ్ణి, ఏ మొహం పెట్టుకు వస్తానండీ?"

"ఇప్పుడో?"

"కరెంటువాళ్ళే పంపొద్దని ఆపేసేరు కదండీ."

లైట్లు వెలిగాయి. "రండి, లైను వచ్చింది," అని లోపల్నించి ఓనరు దొరబాబు కేకేశాడు. ఇద్దరూ కదల్లేదు.

"నా పేరు కొండలరావండీ. నీళ్ళ మోటార్లు బాగుచేస్తాను. మీ అసలు పేరు చెప్పనేలేదు."

"వీర్రాజు."

"వీర్రాజు గారూ," అని పిలిచి చూశాడతను.

తన గుట్టంతా తెలిసిన మనిషి ఎవరూ ఇంతవరకూ వీర్రాజుని ఆ పేరుతో పిలవలేదు.

"ఆయ్," అన్నాడు వీర్రాజు.